పిల్లల సందడి మధ్య ధ్యానం: గృహస్థుకు బౌద్ధ సాధన, మెట్టు మెట్టుగా

కపిలవస్తు దగ్గర నిగ్రోధారామంలో బుద్ధుడు విడిది చేసిన రోజులవి. మూడు నెలల గడువు ముగియగానే ఆయన చారికకు, అంటే ఊరూరా తిరిగే యాత్రకు, బయల్దేరతారని భిక్షువులు ఆయన కోసం చీవరం (భిక్షువు ధరించే వస్త్రం) కుడుతున్నారు. ఆ కబురు మహానాముడనే శాక్య గృహస్థు చెవిన పడింది. అప్పుడప్పుడే జబ్బు నుంచి కోలుకున్న మనిషి. పరుగున వచ్చి అడిగాడు: ‘రకరకాల వ్యాపకాల మధ్య బతికే మేము ఏ తీరున బతకాలి?’ బుద్ధుడు ఆయన్ని ఇల్లు వదిలి రమ్మనలేదు. శ్రద్ధ, ప్రయత్నం, ఎరుక, ఏకాగ్రత, ప్రజ్ఞ పెంచుకొమ్మన్నారు. ఆరు అనుస్మృతులు, అంటే మంచిని పదే పదే తలచుకునే సాధనలు, నేర్పారు. వాటిని నడుస్తూ, నిలబడి, కూర్చుని, పడుకుని, పనులు చక్కబెట్టుకుంటూ, చివరికి పిల్లలతో కిక్కిరిసిన ఇంట్లో ఉంటూ కూడా సాధన చేయమన్నారు. బుద్ధుడి బోధల పాలి సంకలనాల్లో (నికాయాల్లో) ఒకటైన అంగుత్తర నికాయంలో, పదకొండుల విభాగంలో ఉంది ఈ మాట.

పిల్లలతో కిక్కిరిసిన ఇల్లు! ధ్యానానికి ఆటంకమని మనం చెప్పుకునేదాన్నే ఆయన సాధనకు తగిన చోటుగా చూపించారు. ఈ మార్గదర్శి మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది. ఉద్యోగం, వంట, ఈఎంఐలు, అత్తమామల మందులు, పిల్లల పరీక్షలు అన్నీ అలాగే ఉండగా, వాటి మధ్యనే సాధన ఎలా సాగించాలో చెప్పడం దీని పని.

ఇది సాధ్యమా అనే అనుమానం ఉంటే, విపశ్యనను, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూసే ధ్యానాన్ని, మన దేశానికి తిరిగి తెచ్చిన ఒక పరంపరను చూడండి. సయా తెట్‌జీ (1873–1945) బర్మా పల్లెటూరి రైతు. ఆయన దారిలో నడిచిన సయాజీ ఊ బా ఖిన్ (1899–1971) స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్. తన కార్యాలయంలోనే ఉద్యోగులకు ధ్యానం నేర్పారు. ఆయన దగ్గర 1955లో తొలి శిబిరం చేసిన ఎస్.ఎన్. గోయెంకా (1924–2013) మాండలేలో పుట్టిన వ్యాపారి. పార్శ్వపు తలనొప్పితో ఏళ్ల తరబడి బాధపడినవారు. 1969లో ఆయన భారతదేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు. రైతు, అధికారి, వ్యాపారి. ముగ్గురూ సంసారులే.

మన నేల మీదా బౌద్ధం భిక్షువులకే పరిమితం కాలేదు. అమరావతి స్తూపానికి ఒక పూర్ణఘట ఫలకాన్ని (నిండు కలశం చెక్కిన రాతి పలకను) కుటుంబంతో కలిసి దానమిచ్చిన విధికుడు తోళ్ల పని చేసేవాడు. ఆ సంగతి శాసనంగా రాతి మీదే చెక్కి ఉంది.

మొదటి మెట్టు: కళ్లు మూసుకోవడానికి ముందు

చాలామంది ధ్యానాన్ని ఊపిరితో మొదలుపెడతారు. నేను పంచశీలాలతో మొదలుపెట్టమంటాను: ప్రాణం తీయకపోవడం, ఇవ్వనిది తీసుకోకపోవడం, కామంలో తప్పు నడవడి లేకపోవడం, అబద్ధమాడకపోవడం, మత్తు పుచ్చుకోకపోవడం. ఈ అయిదూ లేని ధ్యానం కాసేపటి విశ్రాంతినిస్తుంది, అంతే. పగలంతా ఒకరిని మోసగించి సాయంత్రం కూర్చున్న మనిషికి ఊపిరి కనిపించదు, మోసం బయటపడుతుందేమోనన్న భయమే కనిపిస్తుంది. నీతులు చెప్పాలని ఈ మాట అనడం లేదు. సాధనకు కూర్చునే ఎవరికైనా కొద్ది రోజుల్లోనే స్వయంగా తెలిసివచ్చే విషయమిది.

అయిదింటినీ ఒక్కసారే మోయక్కర్లేదు. మొదటి వారం మాట ఒక్కటే పట్టుకోండి. బుద్ధుడు మంచి మాటను నాలుగు విధాలుగా చెప్పారు: అబద్ధం లేకుండా, కొండెం లేకుండా, పరుషం లేకుండా, వ్యర్థ ప్రలాపం లేకుండా ఉండాలని. రాత్రి పడుకునే ముందు ఆ రోజు అన్న మాటల్లో ఒక్కదాన్ని గుర్తుచేసుకోండి. వాట్సాప్‌లో నిజమో కాదో చూడకుండా పది గ్రూపులకు పంపిన సందేశం కూడా మాట కిందికే వస్తుంది. ఆఫీసు క్యాంటీన్‌లో లేని మనిషి గురించి అన్న మాట అంతకంటే ఎక్కువగా వస్తుంది. తప్పు చేశానని కుమిలిపోవద్దు. చూడండి, రేపు అలా అనకూడదని అనుకోండి, పడుకోండి.

రెండో మెట్టు: వేళ, చోటు

ఉదయం లేచాక ఫోను ముట్టుకోకముందు పది నిమిషాలు. కుదిరితే రాత్రి మరో పది. మొదటి నెల ఇంతకు మించి పెంచవద్దు. గంటసేపు కూర్చుని మూడో రోజుకే మానేసేవారికన్నా, పది నిమిషాలు పట్టు విడవకుండా కూర్చునేవారే ముందుకు వెళతారు.

అడవిలోనో చెట్టు మొదట్లోనో శూన్యాగారంలోనో (ఎవరూ లేని ఇంట్లోనో) కూర్చోమని, ఎరుకను నిలుపుకోవడం గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తం చెబుతుంది. రెండు గదుల ఫ్లాట్‌లో శూన్యాగారమంటే అందరూ లేవకముందు హాలు, లేదా బట్టలారేసిన బాల్కనీ మూల. అది చాలు. నేల మీద మడత పెట్టిన దుప్పటి వేసి, మోకాళ్లకన్నా పిరుదులు కాస్త ఎత్తులో ఉండేలా కూర్చోండి. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. వెన్ను నిటారుగా ఉండాలి, బిగుసుకోకూడదు. పద్మాసనం పడకపోతే ధ్యానం రాదనుకోవద్దు.

మూడో మెట్టు: ఊపిరి

మజ్ఝిమ నికాయంలోని ఆనాపానసతి సుత్తం (ఊపిరి మీద ఎరుక గురించిన బోధ) పదహారు అంచెల్లో సాధన చెబుతుంది. నాలుగేసి చొప్పున అవి శరీరం, వేదన (సుఖమో దుఃఖమో ఏదైనా అనుభూతి), చిత్తం, ధర్మాల వైపు నడిపిస్తాయి. రోజువారీ జీవితానికి మొదటి నాలుగు అంచెలతోనే చాలా కాలం పని ఉంటుంది: పొడవైన ఊపిరిని పొడవుగా ఉందని తెలుసుకోవడం, పొట్టి ఊపిరిని పొట్టిగా ఉందని తెలుసుకోవడం, శరీరమంతటినీ ఎరుకలో ఉంచుకుంటూ శ్వాసించడం, శరీరంలోని అలజడిని శాంతపరుస్తూ శ్వాసించడం. ఇది ప్రాణాయామం కాదు. ఊపిరిని లాగడం, బంధించడం, లెక్కగా వదలడం ఇందులో ఉండవు. అది వచ్చినట్టు వస్తుంది, పోయినట్టు పోతుంది. మన పని దాన్ని తెలుసుకోవడం.

ఎక్కడ చూడాలి? రెండు వాడుకలున్నాయి. ఊ బా ఖిన్, గోయెంకా పరంపరలో ముక్కు రంధ్రాల దగ్గర, పై పెదవి మీది చిన్న భాగంలో చూడమంటారు. బర్మా భిక్షువు మహాసీ సయాడో (1904–1982) పద్ధతిలో పొట్ట ఉబ్బడం, తగ్గడం చూస్తూ మనసులో ‘ఉబ్బుతోంది’, ‘తగ్గుతోంది’ అని గుర్తిస్తారు. రెండూ నిలిచిన దారులే. తల బరువెక్కే స్వభావం ఉన్నవారికి పొట్ట తేలిక. నిద్ర ముంచుకొచ్చేవారికి ముక్కు మేలు. ఒకటి ఎంచుకున్నాక కనీసం మూడు నెలలు మార్చవద్దు. యూట్యూబ్‌లో రోజుకో గురువు మాట విని రోజుకో పద్ధతి మార్చడం వల్ల పాడైన సాధనలు లెక్కలేనన్ని.

ముక్కు దగ్గర చూస్తున్నామనుకుందాం. కళ్లు మూసుకోండి. మొదటి రెండు మూడు ఊపిరులకు ఏమీ తెలియదు, ముక్కు ఉందన్న ఊహ మాత్రం ఉంటుంది. ఆగండి. లోపలికి వచ్చే గాలి కాస్త చల్లగా తగులుతుంది, బయటికి పోయేది గోరువెచ్చగా ఉంటుంది. ఒక రంధ్రంలో గాలి ఎక్కువగా, మరో దాంట్లో తక్కువగా ఆడుతూ ఉండవచ్చు. పై పెదవి మీద వెంట్రుకంత స్పర్శ ఒకటి తగిలి పోతుంది. ఊపిరి బయటికి పోవడం ముగిశాక, మళ్లీ లోపలికి రావడానికి ముందు చిన్న విరామం ఉంటుంది. దాన్ని పొడిగించవద్దు, ఉందని చూడండి. గోడ అవతల కుక్కర్ కూత వేస్తుంది. చెవికి వినబడనివ్వండి, ‘శబ్దం’ అని గుర్తించి ముక్కు దగ్గరికి రండి. ‘మూడో కూతకు స్టవ్వు కట్టేయాలి’ అన్న ఆలోచన వస్తుంది. దాన్నీ అలాగే చూడండి. నిజంగా కట్టేయాల్సిందే అయితే లేచి కట్టేసి, నెమ్మదిగా వచ్చి కూర్చోండి. ఆ లేవడం, నడవడం కూడా ఎరుకతో జరిగితే సాధన తెగదు.

మనసు అస్సలు నిలవడం లేదంటే లెక్కపెట్టండి. పాలి వ్యాఖ్యాత బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గమనే సాధన గ్రంథంలో దీనికి హద్దు చెప్పాడు: అయిదుకు తక్కువ కాకుండా, పదికి మించకుండా. ఊపిరి బయటికి పోయినప్పుడల్లా ఒక అంకె. పది దాకా వెళ్లి మళ్లీ ఒకటి. మధ్యలో లెక్క తప్పితే ఒకటి నుంచి. పదిహేడు, పద్దెనిమిది దాకా పోయారంటే నోరు లెక్కపెడుతోంది, మనసు ఎక్కడో ఉంది. ఊపిరి తేటగా తెలియడం మొదలయ్యాక అంకెలు వదిలేయండి.

మనసు తప్పిపోవడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పది నిమిషాల్లో యాభై సార్లు తప్పిపోయి, యాభై సార్లు తిరిగి వస్తే మీ సాధన చెడిపోలేదు. ఆ తిరిగి రావడమే సాధన. ‘అయ్యో, మళ్లీ పోయింది’ అని తిట్టుకుంటే ఆ తిట్టే మరో ఆలోచనై కూర్చుంటుంది. మెల్లగా రండి, చిరాకు లేకుండా రండి. ఎన్నేళ్లు చేసినా ఈ పని ఇలాగే ఉంటుంది, త్వరగా గుర్తించడం మాత్రం వస్తుంది.

నాలుగో మెట్టు: అడ్డంకులను పేరు పెట్టి పిలవడం

బుద్ధుడు అయిదు నీవరణాలు, అంటే మనసును కప్పే అడ్డంకులు, చెప్పారు: కోరిక, ద్వేషం, మాంద్యం–నిద్ర, చంచలత–పశ్చాత్తాపం, సందేహం. కూర్చున్నప్పుడు ఏది వచ్చిందో పేరు పెట్టి గుర్తించండి. మన ఊళ్లలో ఉద్యోగం, ఇల్లు రెండూ మోసేవారికి, ముఖ్యంగా ఆడవారికి, ఎక్కువగా వచ్చేది నిద్ర. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. బుద్ధుడి అగ్రశిష్యుల్లో ఒకరైన మొగ్గల్లానుడే కూర్చుని కునికిపాట్లు పడ్డాడు. ఆయనకు బుద్ధుడు వరుసగా ఉపాయాలు చెప్పారు: ఏ ఆలోచనలో ఉండగా నిద్ర వచ్చిందో దాన్ని వదిలెయ్యి, విన్న ధర్మాన్ని మననం చెయ్యి, పైకి వల్లించు, చెవులు లాగుకుని ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు నీళ్లతో కడుక్కుని దిక్కులు చూడు, నక్షత్రాలు చూడు, వెలుగును మనసులో తలచుకో, అటూ ఇటూ నడువు. ఇన్నీ చేసినా పోకపోతే, కుడి పక్కకు తిరిగి పడుకో, ఫలానా వేళకు లేవాలని తలచుకుని పడుకో. ఈ చివరి మాటలోని కరుణ నాకు ఎంతో ఇష్టం. రాత్రి పన్నెండు దాకా పనిచేసిన తల్లికి తెల్లవారుజామున కావలసింది మరో అరగంట నిద్రే అయితే, ఆ నిద్ర పోవడమే సరైన పని.

సందేహం వేరేలా వస్తుంది. ‘దీనివల్ల ఏమైనా అవుతోందా’ అని మూడో వారంలో అడుగుతుంది. వాదనకు దిగవద్దు. ‘సందేహం’ అని గుర్తించి, మిగిలిన నిమిషాలు పూర్తి చేయండి. నిజమైన ప్రశ్న అయితే లేచాక కూడా ఉంటుంది, అప్పుడు తెలిసినవారిని అడగవచ్చు.

ఐదో మెట్టు: నడక

కూర్చోలేనివారికి నడక వరం. ఇరవై అడుగుల చోటు చాలు, మేడ మీదయినా అపార్ట్‌మెంట్ వరండాలోనైనా. పాదం లేవడం, ముందుకు సాగడం, నేలను తాకడం. ఈ మూడింటినీ తెలుసుకుంటూ నడవండి. చివర ఆగండి, తిరగండి, మళ్లీ నడవండి. ఇలాంటి నడకనే చంక్రమణం అంటారు. దానివల్ల అయిదు లాభాలని అంగుత్తర నికాయం చెబుతుంది: దూర ప్రయాణానికి ఓర్పు, సాధనకు ఓర్పు, ఆరోగ్యం, తిన్నది అరగడం, నడకలో కుదిరిన ఏకాగ్రత ఎక్కువసేపు నిలవడం. మధుమేహం వచ్చిందని వైద్యులు నడవమంటే చెవిలో పాటలు పెట్టుకుని నడిచేవారు ఆ అరగంటలో పది నిమిషాలు పాటలు ఆపి చూడండి. రోడ్డు మీద అయితే కళ్లు బండ్ల మీదే ఉండాలి. ఎరుక అంటే చుట్టూ ఏముందో తెలియకపోవడం కాదు కదా.

ఆరో మెట్టు: అన్నం దగ్గర

కోసల రాజు పసేనది ద్రోణమనే పెద్ద కొలతంత అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చేవాడు. ఒకనాడు బుద్ధుడు ఒక గాథ చెప్పారు: ఎరుకతో ఉండి తిండిలో మితం తెలిసినవాడికి బాధలు తగ్గుతాయి, ముసలితనం మెల్లగా వస్తుంది. రాజు వెనక నిలబడ్డ సుదస్సనుడనే యువకుణ్ణి పిలిచి, ఆ గాథ నేర్చుకుని తాను భోంచేసినప్పుడల్లా చదవమన్నాడు, అందుకు రోజూ నూరు కహాపణాలు (ఆనాటి నాణేలు) ఇస్తానన్నాడు. మెల్లమెల్లగా అన్నం నాళిక అనే చిన్న కొలతకు తగ్గింది, ఒళ్లు తేలికపడింది. ఉపవాసాల గురించి, నిషేధాల గురించి ఒక్క మాటా లేదు ఈ కథలో. తినేవేళ ఒక గుర్తు చేసే గొంతు ఉంది, అంతే.

మనకు సుదస్సనుడు లేడు కాబట్టి మొదటి అయిదు ముద్దలను గుర్తుగా పెట్టుకోండి. టీవీ, ఫోను లేకుండా ఆ అయిదు ముద్దలు. వేడి అన్నం వేళ్ల చివర్లకు తగిలే తీరు. పప్పు, నెయ్యి కలిపేటప్పుడు మెతుకులు ఒకదానికొకటి అంటుకోవడం. ముద్ద నోటికి చేరకముందే నోరూరడం. ఆవకాయ నాలుక పక్కల తగిలినప్పటి పులుపు, ఆ వెనకే కారం. మింగడం పూర్తికాకముందే చెయ్యి తరువాతి ముద్ద కలపడానికి సిద్ధమవుతుంది. ఆ చెయ్యిని గమనించండి. దాన్ని ఆపనక్కర్లేదు, అది ఎంత తొందరపడుతోందో చూస్తే చాలు. అయిదు ముద్దల తర్వాత ఇంట్లోవాళ్లతో హాయిగా మాట్లాడుకుంటూ తినండి. భోజనమంతా మౌనం పాటించి ఇంటిల్లిపాదినీ ఇబ్బంది పెట్టాల్సిన పని లేదు.

ఏడో మెట్టు: ఫోను

కొడుకు రాహులుడికి బుద్ధుడు చేసిన బోధ ఒకటి ఉంది. ఏ పనైనా చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక మూడుసార్లు చూసుకొమ్మన్నారు: ఇది నాకుగానీ ఇతరులకుగానీ, ఇద్దరికీగానీ కీడు తెస్తుందా? చేయబోయే ముందే తెలిస్తే మానుకో, మధ్యలో తెలిస్తే ఆపెయ్యి, చేశాక తెలిస్తే తెలిసినవారి ముందు చెప్పుకుని ఇకముందు జాగ్రత్తపడు.

ఫోనుకు ఇంతకన్నా పనికొచ్చే సూత్రం నాకు కనిపించలేదు. చెయ్యి ఫోను వైపు వెళ్లినప్పుడు ఒక్క ఊపిరి ఆగి ‘ఎందుకు?’ అని అడగండి. ఎవరికో ఫోను చేయాలి అంటే చేయండి. ‘ఊరికే’ అని జవాబు వస్తే, ఆ ఊరికే వెనక ఉన్నదేమిటో చూడండి. విసుగా, ఒంటరితనమా, చేయాల్సిన పని నుంచి తప్పించుకోవడమా? చూస్తున్నప్పుడు మధ్యలో మరోసారి: మెడ వంగి ఉందా, ఊపిరి బిగబట్టారా? పెట్టేశాక మూడోసారి: ఇప్పుడు మనసు ఎలా ఉంది, తీసుకునే ముందుకన్నా తేలికగానా, బరువుగానా? ఈ మూడో చూపే ముఖ్యం. పదే పదే బరువుగా ఉందని స్వయంగా చూసిన మనసు మెల్లగా దాని మీద ఆశ వదులుకుంటుంది. బలవంతంగా ఆప్‌లు తీసేసి, వారం తిరగకుండా మళ్లీ వేసుకునే తంటా తప్పుతుంది.

ఎనిమిదో మెట్టు: మాట పడినప్పుడు

సాధన నిజంగా పనికొచ్చేది ఇక్కడ. సంయుత్త నికాయంలో బుద్ధుడు చెప్పిన రెండు బాణాల మాట ఉంది. శరీరానికి నొప్పి కలగడం మొదటి బాణం. దానికి మనసు ఏడుపు, గుండెలు బాదుకోవడం జోడిస్తే అది రెండోది. మొదటి బాణం ఎవరికీ తప్పదు. సాధన చేసినవారికి రెండోది తగలదు అన్నారు.

రాత్రి తొమ్మిదిన్నరకు పై అధికారి సందేశం వస్తుంది: ‘రేపు పొద్దున్నే మాట్లాడాలి.’ ఇంకేమీ లేదు. చదివిన క్షణంలోనే చెవి తమ్మెలు వేడెక్కుతాయి, దవడ బిగుసుకుంటుంది, కడుపులో ఏదో ముడిపడుతుంది. ఇది వేదన, అప్రియమైనది. ఇంతవరకే అయితే నిమిషంలో పోతుంది. కానీ మనసు కథ అల్లుతుంది: ఏ తప్పు పట్టుకున్నాడో, ఎవరు చెప్పారో, ఉద్యోగం పోతే ఈఎంఐ ఎలాగో. అర్ధరాత్రి దాకా ఆ కథే నడుస్తుంది. పక్కన పిల్ల ఏదో అడిగితే కసురుకుంటాం.

అప్పుడు చేయాల్సింది ఇది. ఫోను బోర్లా పెట్టండి. పాదాలు నేలకు ఆనుతున్నట్టు తెలుసుకోండి. మూడు ఊపిరులు తీసుకోండి. తర్వాత కథను వదిలి శరీరంలోకి రండి: వేడి ఎక్కడ ఉంది, బిగువు ఎక్కడ ఉంది, ముడి పెరుగుతోందా తగ్గుతోందా? దాన్ని పోగొట్టాలని చూడవద్దు. పోగొట్టాలన్న పట్టుదల కూడా ద్వేషమే. కాసేపు చూస్తే అది కదలడం, మారడం, పలచబడడం మీకే తెలుస్తుంది. అనిత్యమని, అంటే ఏదీ నిలిచి ఉండదని, పుస్తకాల్లో చదివినదాన్ని మన కడుపులోనే చూడడం వేరు. ఆ తర్వాత జవాబు రాయాల్సి ఉంటే రాయండి. మాట సాఫీగా వస్తుంది.

భార్యాభర్తల మధ్య, అత్తాకోడళ్ల మధ్య ఇది ఇంకా కష్టం. ఎందుకంటే అక్కడ మొదటి బాణం పదేళ్ల నాటిది అయివుంటుంది. అలాంటిచోట మొదట చేయగలిగింది ఒక్కటే: నోటి దాకా వచ్చిన మాటను ఒక ఊపిరి సేపు ఆపడం. ఆ ఒక్క ఊపిరి చాలాసార్లు ఇల్లు నిలబెడుతుంది.

కానీ ఒక హెచ్చరిక. ఓర్చుకోవడం పేరుతో అన్యాయాన్ని భరించమని ఈ సాధన చెప్పదు. పనికి తగ్గ జీతం ఇవ్వని చోట, కులం పేరుతో అవమానించే చోట, చెయ్యి ఎత్తే భర్త ఉన్న చోట ఊపిరి చూసుకుంటూ కూర్చోవడం పరిష్కారం కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ లక్షల మందితో కలిసి బౌద్ధం స్వీకరించింది మనిషిగా తలెత్తుకుని బతకడానికి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ దారి పట్టిన కుటుంబాలున్నాయి. ఎరుక వచ్చాక అన్యాయం మరింత స్పష్టంగా కనిపించాలి, దాన్ని ఎదిరించే మాట కోపంతో తడబడకుండా రావాలి. ధ్యానాన్ని ఉద్యోగుల చేత ఇంకాస్త ఎక్కువ పని చేయించే సాధనంగా వాడే సంస్థల శిక్షణల్లో లోపించేది ఇదే.

తొమ్మిదో మెట్టు: మైత్రి

రాత్రి పడుకున్నాక అయిదు నిమిషాలు. మైత్రీ భావనకు, అంటే అందరి మేలూ కోరుతూ మనసు నింపుకోవడానికి, బుద్ధుడు పదకొండు ఫలాలు చెప్పారు. వాటిలో మొదటి మూడు: సుఖంగా నిద్రపోవడం, సుఖంగా లేవడం, పీడకలలు రాకపోవడం. మొదట మీ మీదే: ‘నేను క్షేమంగా ఉండాలి, వైరం లేకుండా ఉండాలి, భయం లేకుండా ఉండాలి.’ తర్వాత మీకు మేలు చేసిన ఒక మనిషి, బతికి ఉన్నవారు. తర్వాత పరిచయం మాత్రమే ఉన్నవారు: పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి, లిఫ్టులో కనిపించే పొరుగువారు. పడనివారిని చివరికి ఉంచండి. మొదటి వారమే శత్రువు దగ్గరికి వెళితే మైత్రి బదులు పాత కోపం తిరగబెడుతుంది, సంప్రదాయ వ్యాఖ్యానాలూ ఈ వరుసే చెబుతాయి. మాటలు వల్లించడంతో ఆగకుండా ఆ మనిషి ముఖం తలచుకోండి.

శిబిరం, గురువు, జాగ్రత్తలు

ఆరు నెలలు ఇలా సాగాక పది రోజుల విపశ్యన శిబిరం గురించి ఆలోచించవచ్చు. హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త, నాగార్జునసాగర్ దగ్గర ధమ్మ నాగజ్జున కేంద్రాలున్నాయి. ఫీజు ఉండదు, శిబిరం పూర్తిచేసిన పాత సాధకుల దానంతో నడుస్తాయి. పొద్దున నాలుగుకు గంట కొడతారు. రోజుకు పది గంటల దాకా కూర్చోవడం, తొమ్మిది రోజులు మౌనం, ఫోను అప్పగించేయడం, పుస్తకాలూ రాతా లేకపోవడం. ఇంట్లో రోజూ కూర్చునే అలవాటు లేకుండా నేరుగా వెళితే మొదటి మూడు రోజులు చాలా గట్టిగా తగులుతాయి. సెలవు దొరకనివారు వెళ్లలేకపోయామని బాధపడక్కర్లేదు.

తీవ్రమైన మానసిక వ్యాధికి చికిత్సలో ఉన్నవారు, ఇటీవల పెద్ద ఆఘాతం తగిలినవారు సుదీర్ఘ శిబిరాలకు వెళ్లే ముందు వైద్యులను అడిగి తీరాలి. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగినప్పుడు దాచవద్దు. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా భయం, గుండెదడ పెరుగుతూ ఉంటే కళ్లు తెరవండి, లేచి నడవండి, ఆ పూటకు ఆపండి. మందులు మాని ధ్యానం పట్టుకొమ్మని ఎవరు చెప్పినా వినవద్దు.

పూజ మానాలా, నమాజుకు అడ్డమా, చర్చికి వెళ్లకూడదా అని అడుగుతారు. ఊపిరి ఏ మతానిదీ కాదు. అలాగని దీన్ని మూలం నుంచి తెంచి ఒత్తిడి తగ్గించే చిట్కాగా మాత్రమే చూడడం నాకు సమ్మతం కాదు. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ ఎనిమిది వారాల శిక్షణగా దీన్ని ఆసుపత్రుల్లోకి తెచ్చారు. నొప్పితో బతికేవారికి అది ఎంతో మేలు చేసింది, ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే శీలం, మైత్రి, అనిత్యం గురించిన ఎరుక కలిసి నడిస్తేనే అది బుద్ధుడు మహానాముడికి చెప్పిన సాధన అవుతుంది.

ఎదుగుదలను కూర్చున్నప్పటి ప్రశాంతతతో కొలవవద్దు. అది నిద్రను బట్టి, తిండిని బట్టి, ఆ రోజు తగిలిన గొడవను బట్టి మారుతుంది. కోపం ఎంతసేపు నిలుస్తోంది, అన్న మాటకు క్షమాపణ అడగడానికి ఎన్ని రోజులు పడుతోంది, పక్కవారి మాట మధ్యలో ఎన్నిసార్లు అడ్డం వస్తున్నారు, ఇవి చూసుకోండి. ఇంట్లోవారిని అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది.

మానేసి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

పండగలు, పెళ్లిళ్లు, పిల్లల జ్వరాలు వస్తాయి. రెండు వారాలు కూర్చోవడం కుదరదు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పోయిన రోజులు కూడబెట్టి గంటసేపు కూర్చోవద్దు. మొదటి రోజు అయిదు నిమిషాలు, లెక్కపెడుతూ. ఆ వారమంతా ఏదో ఒక్క మెట్టే పట్టుకోండి, అన్నం దగ్గర అయిదు ముద్దలైనా సరే. తోడుగా సాధన చేసే ఒకరు ఉంటే తిరిగి రావడం తేలిక. వారానికి ఒకసారి ఇద్దరూ కలిసి కూర్చోవడం, దూరంగా ఉంటే ఒకే వేళకు ఎవరింట్లో వారు కూర్చోవడం పెట్టుకోండి. పిల్లలు వచ్చి ఒళ్లో ఎక్కితే దించేయవద్దు. వాళ్ల ఊపిరి కూడా మీ పొట్టకు తగులుతూ ఉంటుంది, ఆ పూటకు దాన్నే గమనించండి.